116 మంది పచ్చ సాటిన్ బంట్లు: రిచర్డ్ ఈవ్లిన్ షెరీఫ్ ఏడాది లెక్క ఎలా కుదురుతుంది?

పుటలతిరగేత (ప్రశ్న)

ఇంగ్లండ్ రచయిత జాన్ ఈవ్లిన్ (1620–1706) డైరీ తొలి పేజీల్లో వాళ్ల నాన్న రిచర్డ్ ఈవ్లిన్ గురించి ఉన్న భాగం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. సర్రే జిల్లాలో వుటన్ ఆయన ఊరు. ఏడాదికి సుమారు 4,000 పౌండ్ల రాబడి, దాంతోపాటు బోలెడంత కలప. 1633లో సర్రే, ససెక్స్ రెండింటికీ కలిపి షెరీఫ్ అయ్యాడు. అప్పుడు ఆయన వెంట 116 మంది నౌకర్లు, అందరికీ ఆకుపచ్చ సాటిన్ డబ్లెట్లు (నడుము దాకా బిగుతుగా ఉండే పైకోట్లు). మామూలుగా షెరీఫ్ వెంట 30, 40 మందే ఉండేవారని కొడుకే అంటాడు. మా నాన్నకి ఆడంబరం గిట్టదనీ ఆ కొడుకే అంటాడు.

ఇక్కడ నాకు లెక్క కుదరడం లేదు. 116 మందిని ఏడాది పొడుగునా మేపితే 4,000 రాబడిలో ఏం మిగులుతుంది? అసలు షెరీఫ్ అంటే ఏం చేసేవాడు, జీతం ఉండేదా? ఒక ఆడమనిషి ఉరి ఆపినందుకు జడ్జి ఆయన్ని వేధించాడని ఒక్క ముక్కలో ఉంది, అది ఎందుకు తప్పయింది? షెరీఫ్‌ని "కొత్వాలు" అనీ, రిచర్డ్‌ని "జమీందారు" అనీ రాసుకున్నాను, సరిపోతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

కచేరీచావడి

ముందు ఆ 116 సంగతి తేల్చేద్దాం. మీరు ఆపేసిన వాక్యానికి తర్వాతి వాక్యం చదవండి, జవాబు అక్కడే ఉంది. స్నేహితులూ బంధువులూ తమంతట తామే వచ్చారు, రాలేనివాళ్లు తమ నౌకర్లని పంపారు, ఆ మర్యాద కాదనలేకపోయాడు అంటాడు జాన్. కొందరు పెద్దమనుషులే అదే పచ్చ దుస్తులు వేసుకుని ఆయన వెనక నడిచారనీ రాశాడు. అంటే 116 మంది ఇంట్లో తిని పనిచేసే నౌకర్లు కారు. పెళ్లికి ఊరేగింపు కట్టినట్టు, అసైజుల (లండన్ జడ్జీలు జిల్లాకి వచ్చి విచారణలు జరిపే) రోజులకి పోగైన జనం.

లెక్క వేసి చూస్తే కూడా అదే తేలుతుంది. మనిషికి రోజుకి ఒక షిల్లింగు అనుకోండి. 116 షిల్లింగులంటే 5 పౌండ్ల 16 షిల్లింగులు (20 షిల్లింగులు ఒక పౌండు). ఏడాదికి 2,117 పౌండ్లు, అంటే రాబడిలో సగానికి పైనే. కుదరని పని. అదే అసైజుల రోజులకి మాత్రం లెక్కేస్తే, ఏడాదికి రెండుసార్లు, రెండు జిల్లాలు కాబట్టి నాలుగు అసైజులు, ఒక్కోటి నాలుగు రోజులనుకున్నా 16 రోజులు. 92 పౌండ్ల 16 షిల్లింగులు. ఇది నా అంచనా లెక్కే, డైరీలోది కాదు, వ్యాసంలో అంకెలుగా పెట్టకండి. ఎంత తేడా వస్తుందో చూడ్డానికి చాలు.

ఇప్పుడు పదవి. జీతం లేదు. అసలు కోరి తెచ్చుకునే పదవే కాదు, మెడలో పడే పదవి. ఆ రోజుల్లో నవంబరు మొదట్లో, సమస్త మృతుల పండగ మర్నాడు, జడ్జీలూ ఖజానా అధికారులూ ఎక్స్‌చెకర్‌లో (రాజు ఖజానా లెక్కల కచేరీలో) కూర్చుని ఒక్కో జిల్లాకి మూడేసి పేర్లు రాసేవారు. తోలు చుట్ట మీద ఆ పేర్లు రాజు ముందు పెడితే, ఒక పేరు పక్కన రాజు సూదితో చిల్లు పొడిచేవాడు. ఎలిజబెత్ రాణి బట్ట కుట్టుకుంటూ సిరా లేక సూదితో పొడిచిందని చెప్పే కథ వట్టిది. ఆవిడ తాత ఏడో హెన్రీ కాలం నాటి చిల్లుల చుట్టలే ఉన్నాయి. సిరా అయితే గీకేయొచ్చు, తోలుకి పడ్డ చిల్లు పూడదు.

చిల్లు పడ్డాక తప్పించుకోవడం కష్టం. జిల్లాలో తగినంత భూమి ఉండాలి, ఏడాది పాటు చేయాలి, ఆ ఏడాది జిల్లా వదిలి ఉండకూడదు. ఈ చివరి షరతుని అప్పటి రాజు మొదటి చార్లెస్ ఆయుధంగా వాడుకున్నాడు. 1626 పార్లమెంటులో నోరెత్తుతారనుకున్న ఎడ్వర్డ్ కోక్, థామస్ వెంట్‌వర్త్, రాబర్ట్ ఫెలిప్స్‌లని 1625 చివర్లో షెరీఫ్‌లని చేసేశాడు. షెరీఫ్ సభ్యుడిగా ఎన్నిక కాకూడదు, పీడా పోయింది.

చేసే పని మూడు రకాలు. మొదటిది, అసైజులు. లండన్ నుంచి వచ్చే జడ్జీలని జిల్లా పొలిమేర దగ్గర బల్లేల బంట్లతో, బాకాలవాళ్లతో ఎదుర్కోవాలి, బస చూడాలి, గ్రాండ్ జ్యూరీకి (ఏ కేసు విచారణకి పోవాలో తేల్చే జ్యూరీకి) 24 మందిని, మిగతా జ్యూరీలకి జాబితాలని సిద్ధం చేయాలి. మీరు చూసిన పచ్చ సాటిన్ ఇక్కడిది. రెండోది, కోర్టు రిట్‌ల (రాతపూర్వక ఆదేశాల) అమలు: అప్పు కట్టనివాణ్ని పట్టుకోవడం, సరుకు జప్తు చేసి అమ్మడం, జైలు చూసుకోవడం, శిక్ష అమలు. మూడోది, రాజుకి రావాల్సిన చిల్లర బాకీలు వసూలు చేసి ఎక్స్‌చెకర్‌లో లెక్క అప్పజెప్పడం. పార్లమెంటు ఎన్నికలు జరిపించేదీ షెరీఫే కానీ, 1629 నుంచి 1640 దాకా పార్లమెంటే లేదు, రిచర్డ్‌కి ఆ పని తగల్లేదు.

రెండో రకం పనిలోనే మనిషి మునిగేది. రిట్ అమలు చేస్తే వచ్చే రుసుముకి ఎలిజబెత్ కాలంలోనే చట్టం కట్టుబాటు పెట్టింది. మొదటి 100 పౌండ్ల దాకా పౌండుకి 12 పెన్నీలు, ఆ పైన పౌండుకి 6 పెన్నీలు. 300 పౌండ్ల అప్పు వసూలు చేస్తే 5 పౌండ్లు, ఇంకో 5 పౌండ్లు, మొత్తం 10. అదే 300 పౌండ్ల బాకీదారు జైలు తలుపు తీసుకుని పారిపోతే? ఆ 300 షెరీఫ్ కట్టాలి. జైలరు లంచం తిన్నా, గోడ పాతదై కూలినా సాకు చెల్లదు. అందుకే షెరీఫ్ రాగానే చేసే మొదటి పని అండర్‌షెరీఫ్‌ని పెట్టుకోవడం. మామూలుగా ఒక అటార్నీని పెట్టుకుంటారు. అతని దగ్గరా, జైలరు దగ్గరా, బెయిలిఫ్‌ల (జప్తులు చేసే బంట్రోతుల) దగ్గరా పూచీకత్తు బాండ్లు రాయించుకోవాలి. బాండ్లు లేకుండా పని మొదలెట్టిన షెరీఫ్ కొరివితో తల గోక్కున్నట్టే.

పాత షెరీఫ్ నుంచి ఖైదీలని అప్పగించుకునేటప్పుడూ జాగ్రత్త కావాలి. ఎవరెవరు, ఏ కారణం మీద లోపల ఉన్నారో ఒప్పందపత్రం రాసుకుని అప్పగించాలి. ఒకే బాకీదారు మీద రెండు తీర్పులుండి పాతవాడు ఒకటే రాసి ఇస్తే, రెండోది "పారిపోయిన" కింద లెక్క, ఆ సొమ్ము పాతవాడి మీద పడుతుంది. ఎలిజబెత్ కాలంలో లండన్ షెరీఫ్‌ల మీద నడిచిన వెస్ట్‌బీ కేసులో ఇదే తేల్చారు. మనిషి జైల్లోనే ఉన్నాడు, కాగితం మీద పారిపోయాడు!

పదవి దిగినా బాధ్యత వదలదు. ఎక్స్‌చెకర్ లెక్క చూసి "క్వైటస్" (బాకీ లేదన్న పత్రం) ఇచ్చేదాకా ఆస్తి బందీలోనే ఉన్నట్టు.

కొత్వాలు అని మాత్రం రాయకండి. అది పట్నం పోలీసు, జీతం మనిషి. షెరీఫ్‌ని షెరీఫ్‌గానే ఉంచండి. మద్రాసు షెరీఫ్ అన్న మాట తెలుగువాళ్లకి కొత్తది కాదు. 1726 రాజశాసనంతో మేయర్ కోర్టుతో పాటు మద్రాసుకి వచ్చిన ఆ పదవి ఇంగ్లండ్ షెరీఫ్‌ని చూసి పెట్టిందే. అమెరికా సినిమాల్లో నక్షత్రం బిళ్ళ పెట్టుకునే షెరీఫ్ వేరు, అది పాఠకుడి తలలోకి రాకుండా ఒక వాక్యం ముందే రాసేయండి.

తేదీలపిచ్చి

పైవారు అన్నీ చెప్పారు, నేను తేదీలకే పరిమితం అవుతాను.

షెరీఫ్ ఏడాది నవంబరు నుంచి నవంబరుకి. 1633 షెరీఫ్ అంటే పని ఎక్కువ భాగం 1634లోనే. మీ వ్యాసంలో "1633–34" అని రాయండి, లేకపోతే కింది సంఘటనలు వరసలో కూర్చోవు.

సర్రే, ససెక్స్‌లకి తానెరిగినంతలో చివరి ఉమ్మడి షెరీఫ్ మా నాన్నే అంటాడు జాన్. అది సరి కాదు. 1635 దాకా రెండు జిల్లాలకీ ఒకడే షెరీఫ్, 1636 నుంచే విడివిడిగా. జాన్‌కి అప్పటికి 13 ఏళ్లు, ససెక్స్‌లోని లూయిస్ ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. తర్వాతెప్పుడో జ్ఞాపకం మీద రాసిన భాగం ఇది. "నాకు తెలిసి" అని తనే పెట్టుకున్నాడు, మీరు ఆ మాట వదిలేసి అనువదిస్తే తప్పు మీ మీదికి వస్తుంది.

వారాలు సరిచూసుకునే పద్ధతి: ఇంగ్లండ్‌లో అప్పుడు జూలియన్ క్యాలెండర్. ఆ శతాబ్దంలో మన క్యాలెండర్ కన్నా 10 రోజులు వెనక. రిచర్డ్ చనిపోయింది 1640 డిసెంబరు 24, గురువారం అని డైరీ. ఫోన్లో క్యాలెండర్ తీసి 1640 డిసెంబరు 24 కొడితే సోమవారం చూపిస్తుంది, డైరీ తప్పేమో అనిపిస్తుంది. 10 రోజులు కలిపి 1641 జనవరి 3 చూడండి, గురువారమే. జాన్ పుట్టిన 1620 అక్టోబరు 31 మంగళవారమూ ఇలాగే సరిపోతుంది.

ఇంకో చిక్కు, కొత్త ఏడాది మార్చి 25న మొదలు. రిచర్డ్‌ని పూడ్చింది జనవరి 2, ఏడాది 1640 అని కనిపిస్తుంది. అది మన 1641. మామూలు లెక్కన చదివితే చనిపోవడానికి దాదాపు ఏడాది ముందే అంత్యక్రియలు జరిగినట్టు వస్తుంది. "1640/41" అని గీత పెట్టి రాయడం మంచిది. జాన్ తల్లి ఎలియనార్ "37వ ఏట" పోయిందన్నదాన్ని 37 ఏళ్లు నిండాయని రాయకండి, 36 నిండి 37 నడుస్తోందని.

పుటలతిరగేత

ఇద్దరికీ ధన్యవాదాలండి. కొత్వాలు తీసేశాను. ఉరి విషయం ఇంకా తేలలేదు. షెరీఫ్ శిక్ష అమలు చేసేవాడే కదా, కొన్నాళ్లు ఆపితే అంత నేరమా? జాన్ ఆ జడ్జిని వెటకారపు మనిషి అని తిట్టడం కూడా సొంత నాన్న కాబట్టేనా?

ఉరితాడుముడి

నేరమే. ఉరి ఆపే అధికారం షెరీఫ్‌కి లేదు. అసైజు ముగిసేటప్పుడు ఖైదీల జాబితా ఒకటి జడ్జి సంతకంతో షెరీఫ్ చేతికి వస్తుంది. ఉరి పడినవాళ్ల పేరు ఎదురుగా అంచులో లాటిన్‌లో "మెడకి వేలాడదీయాలి" అని పొట్టి చేసి రాసి ఉంటుంది. సస్. పర్. కాల్. అని మూడు ముక్కలు. మనిషి ప్రాణం తీయడానికి షెరీఫ్ చేతిలో ఉండే కాగితం అంతే, ప్రత్యేకంగా వారెంటు లేదు. ఆపాలంటే జడ్జి ఆపాలి, లేదా రాజు క్షమించాలి. ఆడమనిషి కడుపుతో ఉన్నానంటే పెద్దముత్తైదువల జ్యూరీని పెట్టి చూపిస్తారు, కడుపులో బిడ్డ కదులుతోందని వాళ్లు చెబితే కాన్పు దాకా ఆగుతుంది. అది కూడా కోర్టు దారే.

ఇక్కడ ఆపింది దేనికి? లిండ్సే ప్రభువు మాట కోసం అంటాడు జాన్. లిండ్సే ఎర్ల్ రాబర్ట్ బెర్టీ చిన్నవాడు కాడు, 1635లో రాజు నౌకాదళాన్ని నడిపించినవాడు, 1642లో ఎడ్జ్‌హిల్ యుద్ధంలో రాజు పక్షాన దెబ్బ తిని చనిపోయాడు. అంతటి మనిషి అడిగితే ఊళ్లో పెద్దమనిషి కాదంటాడా? ఇటు జడ్జి సంతకం ఉన్న కాగితం, అటు దొర సిఫార్సు. మన కచేరీల్లో రోజూ ఉండే ఇరకాటమే. ఆ ఆడమనిషి పేరు గానీ నేరం గానీ డైరీలో లేవు, ఊహించి కథ అల్లకండి.

జడ్జి సంగతి. సర్ థామస్ రిచర్డ్‌సన్, 1631 నుంచి కింగ్స్ బెంచ్ అనే పెద్ద కోర్టుకి ప్రధాన న్యాయమూర్తి. వెటకారం మాట నిజమే, కోర్టులో జోకులేయడంలో ఆయనకి పెద్ద పేరు. సాల్స్‌బరీలో ఒక ఖైదీ ఇటుక ముక్క విసిరితే, ఆయన కాస్త వంగి కూర్చున్నాడు కాబట్టి తగల్లేదు. నిటారైన జడ్జినైతే చచ్చేవాణ్ని అని నవ్వాడట. ఇంగ్లీషులో నిటారుకీ నిజాయితీకీ ఒకటే మాట, జోకంతా అక్కడే ఉంది.

ఆయన సర్రే వైపు ఎలా వచ్చాడన్నది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అంతకుముందు పశ్చిమ జిల్లాల సర్క్యూట్ (అసైజులకి ఒక జడ్జి తిరిగే జిల్లాల వరస) చూసేవాడు. సోమర్సెట్‌లో చర్చి జాతరల మీద నిషేధం పెట్టినందుకు 1633లో బిషప్ విలియం లాడ్ చేతిలో బాగా చీవాట్లు తిన్నాడు. తెల్ల చేతుల చొక్కాతో నా గొంతు నులిమారు అంటూ బయటికి వచ్చాడని చెబుతారు, తెల్ల చేతులు బిషప్పుల వేషం. ఆ తర్వాత ఆయన్ని ఎసెక్స్ ఉన్న సర్క్యూట్‌కి మార్చారు, అది తక్కువ స్థాయిదని పేరు. ఎసెక్స్, కెంట్, హార్ట్‌ఫర్డ్‌షైర్, ససెక్స్, సర్రే, ఈ అయిదూ కలిపి హోమ్ సర్క్యూట్. పైవాళ్ల చేతిలో అవమానపడి వచ్చిన జడ్జి, కొత్తగా అడుగుపెట్టిన జిల్లాలో షెరీఫ్ తన తీర్పుని ఒక దొర మాట మీద ఆపాడని వింటే ఊరుకుంటాడా? ఈ కారణం నా ఊహ, వ్యాసంలో ఊహగానే రాయండి. మార్పు జరగడం మాత్రం ఊహ కాదు. రిచర్డ్‌సన్ 1635 ఫిబ్రవరిలో పోయాడు. రిచర్డ్ ఎంత కష్టపడ్డాడో అంత గౌరవంతోనే బయటపడ్డాడని కొడుకు సరిపెట్టాడు.

ఒక విషయంలో అదృష్టవంతుడు. నౌకాదళం ఖర్చుకని రాజు వేసిన ఓడల పన్ను మొదటి రిట్ 1634 అక్టోబరు 20న వచ్చింది, అదీ రేవు ఊళ్లకి. 1635లో అన్ని జిల్లాలకీ విస్తరించి వసూలు బాధ్యత నేరుగా షెరీఫ్ మీద పెట్టారు. వసూలు కాని సొమ్ముకి పదవి దిగిన షెరీఫ్‌లని కూడా వదల్లేదు. రిచర్డ్ రెండేళ్లు ఆలస్యంగా ఎంపికై ఉంటే ఉరి గొడవ చిన్నదైపోయేది.

కచేరీచావడి

చిన్న చేర్పు. 116 మంది లాంటి హంగు ఎంత ముదిరిందంటే 1662లో చట్టమే తెచ్చారు. అసైజుల్లో షెరీఫ్ వెంట లివరీ (యజమాని ఇచ్చే ఒకే రకం దుస్తులు) వేసిన బంట్లు 40కి మించకూడదు. అయితే 20కి తగ్గకూడదు కూడా, వేల్స్‌లో 12. సొంత ఇంటివాళ్లకి తప్ప విందు పెట్టకూడదు, జడ్జీలకి కానుకలివ్వకూడదు. తప్పితే 200 పౌండ్ల జరిమానా. రిచర్డ్ మంది ఆ గరిష్ఠానికి దాదాపు మూడింతలు. లివరీకి తెలుగులో "యూనిఫాం" పెడితే స్కూలు పిల్లలు గుర్తొస్తారు. "బిళ్ళ బంట్రోతు" అన్న మాట ఇంకా బతికే ఉంది, ఆ ఛాయలో ఏదైనా చూడండి.

వంశవృక్షం

షెరీఫ్ గొడవలో కుటుంబం మరుగున పడింది. అసలు కథ అక్కడుంది.

"జమీందారు" వద్దు. మన వైపు జమీందారంటే 1802 శాశ్వత పరిష్కారం తర్వాత సర్కారుకి పేష్కష్ కట్టి రైతుల దగ్గర శిస్తు వసూలు చేసుకునేవాడు. రిచర్డ్ రాజు తరఫున శిస్తు వసూలు చేసేవాడు కాడు. భూమి తనది, కౌలుకిచ్చేవాడు, అడవిలో కలప అమ్మేవాడు. "మోతుబరి" అంటే ఊరిస్థాయికి పడిపోతాడు. "భూస్వామి" చాలు. ఆయన బిరుదు ఎస్క్వైర్, అంతే. సర్ కాదు.

సర్ కాకపోవడం కూడా ఊరికే జరగలేదు. ఏడాదికి 40 పౌండ్ల భూమి రాబడి ఉన్నవాళ్లంతా రాజు పట్టాభిషేకానికి వచ్చి నైట్‌హుడ్ (సర్ బిరుదు) పుచ్చుకోవాలని పాత కట్టుబాటు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. పార్లమెంటు లేక డబ్బుకి కటకటలాడుతున్న చార్లెస్ దాన్ని తవ్వి తీశాడు, రానివాళ్ల మీద జరిమానా వేశాడు. రిచర్డ్ 1630 అక్టోబరు 29న 50 పౌండ్లు కట్టినట్టు రసీదు ఉంది. 1641లో పార్లమెంటు ఆ పద్ధతిని రద్దు చేసింది. బిరుదు వద్దన్నందుకు 50 పౌండ్లు పోశాడు, మూడేళ్లకి షెరీఫ్ పదవి నెత్తినపడింది. జాన్ ఆయన్ని బిరుదులకి దూరంగా ఉండే మనిషి అని ఎందుకన్నాడో ఈ రసీదు పక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

డబ్బు వచ్చింది జాన్ తాత నుంచి. జార్జ్ ఈవ్లిన్ (1526–1603) తుపాకిమందు చేయించేవాడు. సురేకారం తవ్వుకునే హక్కు 1589లో రాజశాసనంగా పొందినవాళ్లలో ఒకడు. వుటన్‌ని 1579లో కొన్నాడు. ఇద్దరు భార్యలకి కలిపి 24 మంది పిల్లలు. ఆస్తి కొడుకుల మధ్య చీలింది: లాంగ్ డిటన్ ఒక శాఖకి, గాడ్‌స్టోన్ ఇంకో శాఖకి, రెండో భార్య కొడుకు రిచర్డ్‌కి వుటన్. కాబట్టి "తరతరాల దొర వంశం" అని రాస్తే తప్పు, రిచర్డ్ ఈ భూమికి రెండో తరం. పేర్లతో కూడా తికమక పడతారు. జార్జ్ అంటే తాతా, డైరీ రాసిన జాన్‌కి అన్నా. రిచర్డ్ అంటే నాన్నా, తమ్ముడూ. గాడ్‌స్టోన్ శాఖలో మళ్లీ సర్ జాన్. ప్రతి పేరు పక్కనా ఊరు పెట్టండి.

భార్య ఎలియనార్ స్టాన్స్‌ఫీల్డ్, లూయిస్ దగ్గర పుట్టిన ఏకైక కూతురు, ఆస్తికి వారసురాలు. పెళ్లి 1613/14 జనవరి 27న. రిచర్డ్‌కి ససెక్స్ బలం అక్కడిదే. పిల్లలు అయిదుగురు: ఎలిజబెత్, జేన్, జార్జ్, జాన్, రిచర్డ్.

ఇప్పుడు షెరీఫ్ ఏడాది పక్కన ఈ తేదీలు పెట్టండి. 1634 నవంబరులో పదవి దిగాడు. డిసెంబరు 15న పెద్దకూతురు ఎలిజబెత్, డార్సీ ఇంటి కోడలు, 20 ఏళ్లకే చనిపోయింది. అల్లుణ్ని మగవాళ్లలోకెల్లా నీచుడంటాడు జాన్, అంతకు మించి చెప్పడు. జూన్‌లో పుట్టిన బిడ్డ డిసెంబరు 24న పోయింది. కూతురి అంత్యక్రియలు ఘనంగా చేశారు. తర్వాతి ఏడాది సెప్టెంబరు 29న తల్లి ఎలియనార్ పోయింది. పోయేముందు భర్తని బతిమాలుకుంది: నా అంత్యక్రియలకి ఎంత ఖర్చు పెట్టాలనుకున్నారో అది పేదలకి పంచండి, కూతురి విషయంలో చేసిన ఆర్భాటానికి దేవుడు నన్ను శిక్షించాడేమో అని. కూతురి పక్కనే పూడ్చమంది. 116 మంది పచ్చ సాటిన్ నడిచిన ఇంట్లో, పదవి దిగి ఏడాది తిరక్కుండా ఆ మాట వచ్చింది. మీ వ్యాసానికి ఆడంబరం ప్రశ్నే ఇరుసు అయితే, ఈ రెండూ ఒకే పేరాలో ఉండాలి.

అనువాదంలో జారిపడే మాటలు ఈ భాగంలోనే ఎక్కువ. ఎలిజబెత్‌ని చర్చిని ఆనుకున్న మా "డార్మిటరీ"లో ఉంచారని ఉంటుంది. హాస్టలు గది కాదు, కుటుంబ సమాధి గది. జూన్‌లో "మంచానికి తెచ్చారు" అంటే జబ్బు కాదు, కాన్పు. నాన్నకి "కంట్రీ"లో గౌరవం ఉందంటే దేశంలో కాదు, జిల్లాలో. ఆ కాలపు ఇంగ్లీషులో కంట్రీ అంటే చాలాసార్లు కౌంటీయే. ఒళ్లు "శాంగ్విన్", కాస్త "కాలర్" కలిసింది అంటాడు, మన వాత పిత్త కఫాల్లాగా వాళ్లకీ ధాతువుల లెక్క ఉంది. ఎర్రని రక్తపు ఛాయ, కొంచెం పిత్తపు కోపం. "కాలర్" దగ్గర చొక్కా కాలరు రాసినవాళ్లున్నారు.

ఆస్తి పెద్దకొడుకు జార్జ్‌కి వెళ్లింది. జాన్ లండన్ దగ్గరి డెప్ట్‌ఫర్డ్‌లో భార్య తరఫు ఇంట్లో ఉండి తోటలు పెంచుకున్నాడు. జార్జ్ కొడుకులు తండ్రికన్నా ముందే పోవడంతో 1699లో 79వ ఏట జాన్‌కి వుటన్ దక్కింది.

పుటలతిరగేత

డార్మిటరీని నేను నిజంగానే పడకగది అని రాశాను, ఇప్పుడే కొట్టేశాను. సవరించిన వాక్యాలు చూడండి:

"1633–34లో రిచర్డ్ ఈవ్లిన్ సర్రే, ససెక్స్ జిల్లాలకి షెరీఫ్‌గా ఎంపికయ్యాడు. అసైజులకి ఆయన వెంట 116 మంది ఆకుపచ్చ సాటిన్ డబ్లెట్లతో నడిచారు. వాళ్లలో చాలామంది స్నేహితులు, బంధువులు పంపిన నౌకర్లు, కొందరు ఆ స్నేహితులే. 1640 డిసెంబరు 24 మధ్యాహ్నం ఒంటి గంటకి చనిపోయాడు."

తేదీలపిచ్చి

పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య అని ఉంది, ఒంటి గంటకి కాదు. "చాలామంది", "కొందరు" ఎంతమందో డైరీ చెప్పదు, "స్నేహితులూ బంధువులూ, వాళ్లు పంపిన నౌకర్లూ" అని కలిపేయండి. మొదటి వాక్యంలో "ఎంపికయ్యాడు"కి 1633 నవంబరు చాలు, 1633–34ని "పనిచేశాడు"కి ఉంచండి.